సోడా పెంచలయ్య పరఋణోపాఖ్యానము

భగవంతుడగు సూర్యుడు తన వేయి కిరణములలో రెండింటిని మాత్రము తక్కిన భూమండలమునకు దయతో విడిచి మిగిలిన తొమ్మిదివందల తొంబదియెనిమిదింటిని నిమ్మలపాడను చిన్న పట్టణముపైననే ఏకాగ్రచిత్తుడై కుమ్మరించుచున్న రోహిణీకార్తె మధ్యాహ్నమది. నల్లని తారురోడ్డు కరగి పాకమై బాటసారుల పాదములనుండి దినమునకొక చెప్పుల జతను సుంకముగా గైకొనుచుండెను. కాకులు అరచుటకు నోరు తెరచి లోనికి చొచ్చిన వడగాలికి వెఱచి అరవకయే నోరు మూసికొనుచుండెను. బస్టాండునందలి శునకములు నీడకై బస్సుల క్రింద శయనించి ఆ బస్సు కదలినంతనే నిట్టూర్చి లేచి తరువాతి బస్సు క్రిందికి సకుటుంబముగా వలసపోవుచుండెను. మండీలోని బస్తాలయందలి నిమ్మకాయలు కొనువాడు రాకమునుపే సగము ఊరగాయలయ్యెను. అట్టి వేళ ఆ పట్టణమున పండితులకును పామరులకును వాదులకును ప్రతివాదులకును కోరికయనునది ఒక్కటియే మిగిలియుండెను. అది చల్లని గోలీసోడా.

ఆ కోరికను తీర్చుటకు నియుక్తుడైన పురుషుని పేరు గోను పెంచలయ్య. కీర్తిశేషుడగు కేశవులుశెట్టి స్థాపించిన సోడా ఫ్యాక్టరీలో అతడు ఇరువదియొక్క సంవత్సరములనుండి పనిచేయుచుండెను. ఫ్యాక్టరీ యనగా ఒక రేకుల పాక, చేతితో త్రిప్పు ఒక యంత్రము, ఒక గ్యాసు సిలిండరు, రెండువేల సీసాలు. అయినను పెంచలయ్య ఆ యంత్రమును త్రిప్పునప్పుడు సీసాలోనికి పోవు గ్యాసు ఎంతయో చెవితో విని నిర్ణయించువాడు. అతడు నింపిన సోడాను కొట్టినప్పుడు వెలువడు నాదమునకు వీధి చివరనున్న పోలీసు స్టేషనులోని హెడ్డు కానిస్టేబులు రెండుమార్లు తుపాకి తీసెనని చెప్పుదురు. మూడవమారు తీయకుండుటకు కారణము తుపాకిని జిల్లా కేంద్రమునకు పంపివేయుటయే.

ఆ మధ్యాహ్నమున కేశవులుశెట్టి భార్యయగు రమణమ్మ పాకలోనికి వచ్చి నొప్పెట్టు మోకాళ్లను రెండు చేతులతో పట్టుకొని స్టూలుపై కూర్చుండెను.

"పెంచలయ్యా, ఇంక నా వల్ల గాదురా. ఆరు లక్షలకి బేరం వొచ్చింది. బయటోడికి ఇచ్చే ముందర నిన్నొక మాట అడుగుదామని. దీపావళి దాకా ఆగుతా. తీసుకుంటావా?"

పెంచలయ్య యొద్ద లక్షయిరువదివేల రూపాయలుండెను. తక్కిన నాలుగు లక్షల ఎనుబదివేలకు బ్యాంకు కలదు. ఇరువదియొక్క సంవత్సరములు ఇతరుని యంత్రమును త్రిప్పినవాడు తన యంత్రమును తాను త్రిప్పుకొనుటకు అడ్డమేమున్నదని అతడు మరునాడుదయమే తల దువ్వుకొని బ్యాంకునకు పోయెను. జీవితమున అతడు ఎవనికిని బాకీపడి యెఱుగడు. బీడీ వెలిగించుకొనుటకు ప్రక్కవానిని నిప్పు అడుగవలసి వచ్చునేమోయని బీడీ త్రాగుటయే మానినవాడు.

బ్యాంకు మేనేజరు వాని పేరు తండ్రిపేరు పుట్టినతేది కంప్యూటరునకు నివేదించి దాని ముఖమును చాలసేపు చూచి పిమ్మట పెంచలయ్య ముఖమును చూచెను.

"మీకిప్పటికే మూడు అప్పులున్నాయి. ట్రాక్టరు ఏడు లక్షల నలభై వేలు. వరికోత మిషను పద్దెనిమిది లక్షలు. బర్రెలు రెండు, తొంభై వేలు. మూడూ ఎగ్గొట్టినవే. ఇప్పుడు సోడా కూడానా?"

"సార్, నాకు సైకిలే తొక్కను రాదు. ట్రాక్టరు ఎట్టా కొంటా?"

"అదే నేనూ అడిగేది. తొక్కను రానోడివి ఎందుకు కొన్నావు?"

 ఇట్టి ప్రశ్నకు ఉత్తరము పాఠకుల యొద్దనైనను ఉండవలెను గనుక గోనువారిపల్లె యను గ్రామముయొక్క ఆచారమొకటి ఇచట వివరింపబడుచున్నది.

గోనువారిపల్లెయందు అందరి యింటిపేరును గోను. కొండలమీది పెంచలస్వామి వారి కులదైవము. ఆ స్వామి నరసింహావతారుడు గనుక జ్యేష్ఠపుత్రునకు నరసింహులని పేరిడుదురు. నరసింహుల జ్యేష్ఠపుత్రునకు పెంచలయ్య యని పేరిడుదురు. ఆ పెంచలయ్యకు పుట్టినవాడు మరల నరసింహులు. సృష్ట్యాదినుండియు అచట ఈ రెండు పేర్లే పగలును రాత్రియునువలె ఒకదాని వెనుక నొకటి నడచుచున్నవి. ఎవడు ఏ పెంచలయ్యయో తెలియుటకు ఊరివారు వాని వృత్తినో వాని ఆస్తినో పేరునకు ముందు తగిలింతురు. కావున మన పెంచలయ్య సోడా పెంచలయ్య. ఇంతవరకు చిక్కులేదు. చిక్కు అనంతాచార్యులను ప్రధానోపాధ్యాయునితో ప్రారంభమయ్యెను. ఒకానొక సంవత్సరము బడిలో చేర్చుటకు ముప్పదినలుగురు బాలురను తల్లులు తోడ్కొని రాగా ఆ మహానుభావుడు పుట్టినతేది యెప్పుడని మొదటి తల్లి నడిగెను. గాలివాన వచ్చిన యేడు ఎఱ్ఱావు ఈనిన దినమని ఆమె చెప్పెను. ఆచార్యులు సిరాయందు లోభియును శాంతియందు ఆసక్తుడును అగుటచే మరియొక ప్రశ్న వేయక ముప్పదినలుగురకును ఒకే యేటి జులై ఒకటవ తేదినే వ్రాసి పుస్తకము మూసెను. ఒకే దినమున ముప్పదినలుగురు మగశిశువులను కనిన గ్రామము భూలోకమున మరియొకటి లేదు. అయినను ఆ వింతను చూచుటకు ఎవరును రాలేదు.

చాలకాలమునకు దూరనగరమునందలి ఒక గాజుమేడలో విశ్వసాక్షి ఋణచరిత్ర సంస్థ యనునది వెలసెను. దేశమునందలి ప్రతి మానవుడును ఎవనికెంత బాకీయో వ్రాసియుంచి అడిగిన బ్యాంకునకు చెప్పుట దాని వృత్తి. గోనువారిపల్లెనుండి మూడు పాత అప్పుల కాగితములు అచటికి చేరెను. వానిలో గుర్తింపు సంఖ్య వ్రాయవలసిన గడులు ఖాళీగా నుండెను. పేరు గోను పెంచలయ్య. తండ్రి నరసింహులు. జననము జులై ఒకటి. ఊరు ఒక్కటే. ఇంతటి ఏకత్వమును దర్శించిన ఆ సంస్థయందలి యంత్రము తత్క్షణమే అద్వైతసిద్ధిని పొంది ముగ్గురు పెంచలయ్యలును వాస్తవమునకు ఒక్కడే యని గ్రహించి మూడు బాకీలను ఒకే మూటగా కట్టి సోడా పెంచలయ్య వీపున పెట్టెను. ట్రాక్టరును కోతమిషనును కొని కిస్తులు కట్టని ట్రాక్టరు పెంచలయ్య నిర్మలుడయ్యెను. రెండు బర్రెలను కొని కిస్తులు కట్టలేని బర్రెల పెంచలయ్య అదృశ్యుడయ్యెను.

సోడా పెంచలయ్య ఆ సంస్థకు లేఖ వ్రాయించెను. ముప్పది దినములకు ప్రత్యుత్తరము వచ్చెను. "మీ ఫిర్యాదును శ్రద్ధగా పరిశీలించితిమి. వివరములు సరిగానే యున్నవి." అతడు రెండవ లేఖ వ్రాయించెను. అదియే ప్రత్యుత్తరము. మూడవ లేఖ నాటికి ప్రత్యుత్తరము లేఖకన్న ముందే వచ్చుచున్నట్లు వానికి తోచెను. ఇంతలో ఆ లేఖలయందలి ఫోను సంఖ్యను పట్టుకొని వసూలుదారులు ఫోను చేయుట మొదలుపెట్టిరి. ఉదయము ట్రాక్టరునకు ఒకడు. మధ్యాహ్నము కోతమిషనునకు ఒకడు. సాయంకాలము బర్రెలకు ఒకడు. మొదటి మాసమున పెంచలయ్య కోపించెను. రెండవ మాసమున ఏడ్చెను. మూడవ మాసమున ఫోను మ్రోగగానే యంత్రము త్రిప్పు చేయి ఆపకయే భుజమునకును చెవికిని నడుమ దానిని ఇరికించి "ఆఁ ఉండానండి, చెప్పండి" యని తిట్లన్నియు తుదివరకు విని "సరేనండి" యని మరియొక సీసా నింపుచుండెను. ఆ తిట్లలో బర్రెలవాడు మాత్రము వావివరుసలు తప్పకుండ తిట్టుననియు తక్కినవారికి ఆ శ్రద్ధ లేదనియు గమనించెను. అంతకుమించి వానికి ఏమియు ననిపించలేదు.

వాని భార్య అంకమ్మకు మాత్రము అన్నియు అనిపించుచుండెను. ఆమె సంతలో దోసకాయలు అమ్మునది.

"ఏందిట్టా రాయి మాదిరి కూర్చున్నావు? నీ పేరు మీద బర్రెలున్నాయంటే పాలన్నా పొయ్యమని అడగకూడదా?"

"అడిగి ఏం చేసేది మే."

"కోర్టుకి పో. సంతలో లాయరమ్మ దోసకాయలు కొంటా చెప్పింది. తప్పు రాసినోళ్లు నెల లోపల దిద్దకపోతే ఆ పైన రోజుకి నూరు రూపాయలు ఇయ్యాలంట. వినియోగదారుల కోర్టంట. సోడా కొన్నోడికి ఈగ కనబడినా ఆడికే పోతారంట. నీ బతుకులో ఏకంగా కోత మిషనే పడింది."

ఆ లాయరమ్మ పేరు ఉప్పల వాసంతి. కాగితములన్నియు చూచి ఆమె ఒక్కమాటయే అనెను. "మీకు ఏ అప్పూ లేదని నిరూపించడం కష్టం పెంచలయ్యా. లేనిదానికి రసీదు ఉండదు. ఆ అప్పులు చేసినవాళ్లు వేరే ఉన్నారని చూపించాలి. వాళ్లు వచ్చి మా అప్పు మాదే అని చెప్తారా?"

పెంచలయ్య ఆలోచించెను. పోయిన అప్పును తిరిగి ఇమ్మని కోర్టునకు వచ్చు మానవుని అతడు అంతవరకు చూచి యుండలేదు.

దావా జిల్లా వినియోగదారుల కమిషనునందు దాఖలయ్యెను. సంస్థ తరపున చక్రపాణి యను న్యాయవాది నగరమునుండి విచ్చేసెను. ఆయన నల్లకోటు ఆ యెండలో చూచువారికే చెమట పోయించుచుండెను. ఒకమారు ఆయన గడువు కోరెను. ఒకమారు కాగితములు కోరెను. ఒకమారు గడువుకు గడువు కోరెను. ఆవిధముగా దీపావళి వచ్చి టపాసులు కాల్చుకొని పోయెను. రమణమ్మ మాటయిచ్చినదానికన్న పదిదినములు ఎక్కువగానే వేచి పిమ్మట కన్నీరు తుడుచుకొని ఫ్యాక్టరీని అమ్మివేసెను.

కొన్నవాడు ట్రాక్టరు పెంచలయ్య. వాని ఋణచరిత్ర అప్పుడే కడిగిన కంచమువలె నుండుటచే అదే బ్యాంకు ఆ నాలుగు లక్షల ఎనుబదివేలను వానికి అప్పుగా ఇచ్చి పైగా చల్లని కాఫీ త్రాగించెను. అతడు బోర్డుపై తన పేరును వ్రాయింపక "ప్రొప్రయిటరు: జి.పి. గారు" అని వ్రాయించెను. ధనము చేరినకొలది పేరు పొట్టియగుట ఆ ప్రాంతపు మర్యాద.

"నువ్వేం మానొద్దబ్బయ్యా," అని మొదటి దినముననే ఆ కొత్త యజమాని పాకలో కుర్చీ వేసికొని పలికెను. "గ్యాసు సంగతి నీకే తెలుసు. పాత జీతమే. దానికి తగ్గించనులే."

"అన్నా, నీ ట్రాక్టరు అప్పు నా పేర్న ఉండాది. కోత మిషను గూడా."

"నా రిపోర్టులో సున్నా ఉండాది. బ్యాంకోళ్లే చూసి చెప్పినారు. లేని అప్పుని ఉండాదని నేనెట్టా అనేది? నా చేత అబద్ధం చెప్పిస్తావా, పెంచలస్వామి పేరు పెట్టుకోని?"

సోడా పెంచలయ్య యంత్రము త్రిప్పెను. ఎవని బాకీలకు తాను తిట్లు తినుచున్నాడో వానికే చల్లని సోడా కొట్టి ఇచ్చుచున్నాడని అంకమ్మ సంతలో అందరికిని చెప్పి ఏడ్చెను. వానికి మాత్రము ఏడ్పుగాని కోపముగాని ఎచట నుండవలెనో ఆ చోటు చెయ్యి తిమ్మిరెక్కినట్లు మొద్దుబారియుండెను.

"కేసు మానేద్దామా మే? ఫ్యాక్టరీ ఎట్టాగూ పాయె," అని ఒకనాడతడు అడిగెను.

"ఫ్యాక్టరీ పాయె. పేరు గూడా పోవాల్నా? రేపు ఇంకోచోట ఇంకో మిషను కొందామంటే ఎవరిస్తారు నీకు? నువ్వు ఏడవకపోతే మానె. సంతకం పెట్టను చెయ్యుండాది గదా."

ఆ వారముననే పాక ముందఱ ఒక ముసలిపంచె ప్రత్యక్షమయ్యెను. దానిలో ఇమిడియున్నవాడు బర్రెల పెంచలయ్య. పదునాలుగు మైళ్లు నడచి వచ్చినవాడు సోడా ఇచ్చినను త్రాగక నిలుచుండెను.

"అబ్బయ్యా, నా బర్రెల అప్పు నీ కాడ ఉండాదంట?"

"ఉండాదన్నా. తొంభై వేలు. వడ్డీ గూడా పెరిగింది."

"ఐదేండ్లయింది నాకు ఒక్క కాగితం రాలా. అంతకుముందు బ్యాంకోళ్లు వొచ్చేవోళ్లు. జీపులో వొచ్చి పేరు పెట్టి పిలిచి అరుగు మీద కూర్చోని తిట్టి పోయేవోళ్లు. ఊరంతా చూసేది. ఇప్పుడు పోస్టుమాను మా యింటి ముందర సైకిలే ఆపడం లా. నేను పోయినానని రాసేసుకున్నారేమోనని బెంగగా ఉండాది. బర్రెలు నావి. రెండూ సచ్చిపోయినా నావే. నా అప్పు నాకిప్పించు."

సోడా పెంచలయ్య యంత్రమును ఆపెను. ఫోను వచ్చినప్పుడుగూడ ఆపని యంత్రమది.

విచారణ దినమున కమిషను భవనమునందలి పంఖాలు మూడును ఆ వేడిగాలినే ఒకరి మొగమునుండి మరియొకరి మొగమునకు నిష్పక్షపాతముగా పంచుచుండెను. వేదికపై అధ్యక్షురాలు ఆసీనురాలయ్యెను. చక్రపాణి లేచి గంభీరస్వరమున వాదించెను. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఒకే తండ్రిపేరు, ఒకే ఊరు, ఒకే పుట్టినతేది కలిగిన ఇద్దరు మనుష్యులు ఈ బ్రహ్మాండమునందు సంభవింపరనియు ఫిర్యాదీ తన మూడు అప్పులను ఎగవేయుటకు తనవంటి మరియొకనిని కల్పించుచున్నాడనియు ఆయన వాదసారము.

వాసంతి బర్రెల పెంచలయ్యను బోనులో నిలిపెను. అతడు పేరు చెప్పెను. తండ్రి పేరు చెప్పెను. బర్రెలు తనవేనని చెప్పి అవి జీవించియున్నప్పుడు ఎన్ని లీటర్లిచ్చెడివో కూడ చెప్పెను. చక్రపాణి చిరునవ్వుతో లేచెను.

"మీ పుట్టినతేది?"

"గాలివాన వొచ్చిన యేడు. మా ఎర్రావు ఈనిన నాడు."

"జులై ఒకటి కాదన్నమాట."

"ఎర్రావు ఏ నెల్లో ఈనిందో నాకెట్టా తెలస్తది సామీ? అప్పుడు నేనూ పుడతా ఉంటిని."

జనులు నవ్విరి. నవ్వినను నష్టము నష్టమే. పుట్టినతేది కలియని సాక్షి రికార్డునందలి పెంచలయ్య కానేరడని చక్రపాణి వ్రాయించుకొనెను. బర్రెల పెంచలయ్య తన అప్పు మరల చేజారుట చూచి బోను కఱ్ఱను పట్టుకొని దిగుటకు ఒల్లకుండెను. బంట్రోతు నెమ్మదిగా దింపెను.

పిమ్మట ఫిర్యాదీ పిలువబడెను. అధ్యక్షురాలు కళ్లజోడు సవరించుకొని అడిగెను. "నష్టపరిహారంలో మనోవేదన కింద కూడా అడిగారు. ఏం బాధ పడ్డారో మీ మాటల్లో చెప్పండి."

 సోడా పెంచలయ్యకు అబద్ధమాడుట అలవాటులేదు. "ఏం లేదు మేడం. మొదట్లో ఉండేది. ఇప్పుడు ఏం తెలవడం లా."

వాసంతి కన్నులు మూసికొనెను. అంకమ్మ వెనుక బల్లనుండి లేచి "ఓరి నీ నోరు పడ" యని యారంభించి బంట్రోతు చూపునకు కూర్చుండెను. చక్రపాణి ముఖము దీపమువలె వెలిగెను. బాధయే లేదని ఫిర్యాదీయే ఒప్పుకొనెనని ఆయన వ్రాయించుకొని జయము సంపూర్ణము గావించుటకు తన సాక్షిని పిలిపించెను. ఫిర్యాదీ పనిచేయు చోటి యజమాని. ట్రాక్టరు అప్పును గురించి ఫిర్యాదీ తనతోనే స్వయముగా ముచ్చటించెనని చెప్పుటకు సిద్ధపడిన పెద్దమనిషి. చక్రపాణి గుమాస్తా వానిని పాకలో కలిసి బోర్డుమీది పేరునే పట్టికలో వ్రాసికొనిపోయెను. నగరమునుండి వచ్చిన చక్రపాణి అంతకుముందు వాని ముఖమునైనను చూచి యుండలేదు.

"సాక్షి జి.పి. గారు!" అని బంట్రోతు కేకవేసెను.

ఇస్త్రీ చొక్కాతో ట్రాక్టరు పెంచలయ్య బోనెక్కి ప్రమాణము చేసెను. అధ్యక్షురాలు కాగితము చూచి కనుబొమలు ముడిచెను.

"జి.పి. గారు అంటే పేరు కాదు కదండీ. పూర్తి పేరు చెప్పండి."

ట్రాక్టరు పెంచలయ్య చుట్టును చూచెను. పెంచలస్వామిపై ప్రమాణము అప్పుడే చేసియుండెను. "గోను పెంచలయ్య."

"తండ్రి పేరు?"

"నరసింహులు."

"ఊరు?"

"గోనువారిపల్లె."

వ్రాయు గుమాస్తా కలము ఆగెను.  చక్రపాణి తన నల్లకోటు గుండీ నొకదానిని విప్పుకొనెను.

"పుట్టినతేది?" అని అధ్యక్షురాలు మృదువుగా అడిగెను.

అతడు బడికి పోయినవాడు. తేది కంఠస్థము. "జులై ఒకటి మేడం."

బ్రహ్మాండమునందు సంభవింపడని చక్రపాణి ఉదయమున నిర్ధారించిన మనుష్యుడు ఆయన పిలుపుమీదనే వచ్చి ఆయన బోనులోనే నిలిచియుండెను. వెనుకనుండి బర్రెల పెంచలయ్య గట్టిగా "మా బళ్లో అందురం ఆ పొద్దే పుట్టినాం మేడం, ఆచార్లయ్యవారు పుట్టిచ్చినాడు!" అని అరచెను. ఈసారి బంట్రోతు వానిని కూర్చుండబెట్టలేదు.

బడి రిజిస్టరు తెప్పింపబడెను. ముప్పదినలుగురును ఒకే సిరాతో అచట నుండిరి. శ్రావణమాసమున తీర్పు వెలువడెను. ఫిర్యాదీ చరిత్రనుండి మూడప్పులను పదునైదు దినములలో తొలగింపవలెననియు మూడువందల తొంబది దినముల ఆలస్యమునకు ముప్పదితొమ్మిదివేలును మనోవేదనకు ముప్పదివేలును సంస్థ చెల్లింపవలెననియు అధ్యక్షురాలు ఆజ్ఞాపించెను. బాధయే లేదన్న సంస్థ వాదమునకు ఆమె ఒక్క వాక్యముతో ఉత్తరము వ్రాసెను. బాధ తెలియనంతగా ఒక మనుష్యుని బాధించుట తక్కువ బాధించుట కాదు.

తిరుగు బస్సులో బర్రెల పెంచలయ్య పెండ్లికొడుకువలె కూర్చుండెను. ట్రాక్టరు పెంచలయ్య వేఱు బస్సెక్కెను. మరునాడు సోడా పెంచలయ్య పాకకు పోగా తాళము మారియుండెను.

పదునైదు దినములకు కొత్త నివేదిక వచ్చెను. అందు అతని పేరు తప్ప ఒక్క అక్షరమును లేదు. అప్పులేదు. తీర్చినది లేదు. ఎగవేసినది లేదు. బాకీలేని వాని గురించి వ్రాయుటకు ఆ గాజుమేడవారికి ఏమియు తోచలేదు. అంకమ్మ ఆ కాగితమును దేవుని పటము వెనుక పెట్టెను. అతడు మండీలో నిమ్మకాయల బస్తాలు మోయుటకు కుదిరెను. వసూలుదారుల ఫోనులు ఆగెను. ఆగినవని అతడు గమనించుటకు తొమ్మిది దినములు పట్టెను.

ఇటు ఫ్యాక్టరీలో గ్యాసు చెవితో వినువాడెవడును లేకపోయెను. కొత్త పనివాండ్రు నింపిన సోడాలు కొట్టినచో నిట్టూర్పువంటి శబ్దము వెలువడుచుండెను. త్రాగినవారు డబ్బులడుగక మునుపే సానుభూతి ప్రకటించి పోవుచుండిరి. ట్రాక్టరు కోతమిషను బాకీలు సొంత యజమాని వీపునకు తిరిగిచేరుటచే బ్యాంకు మేనేజరు కాఫీ మానెను. ఫ్యాక్టరీ కిస్తులు మూడు తప్పెను. నాలుగవది తప్పినచో పాకకు బ్యాంకు తాళము పడునని కాగితము వచ్చెను.

ఒక సాయంకాలము జి.పి. గారు పెంచలయ్యగా మాఱి సోడా పెంచలయ్య ఇంటి వాకిట నిలిచెను. అంకమ్మ చీపురు క్రిందపెట్టలేదు.

"ఏం, మా రిపోర్టు ఖాళీగా ఉండాదని ఇంకో అప్పు పెట్టిపోను వొచ్చినావా?"

"నోరు నీది, నాయం నీది అంకమ్మా. ఏమన్నా పడతా," అని అతడు తలవంచి సోడా పెంచలయ్యతో పలికెను. "అబ్బయ్యా, మేనేజరు ఒక దారి చెప్పినాడు. ఎగ్గొట్టిన మచ్చ లేనోడు ఇంకొకడు సంతకం పెడితే గడువిస్తాడంట. సగం నీకు రాసిస్తా. అప్పులు గూడా సగం పంచుకుందాం. మనిద్దరిదీ ఒకటే పేరు."

అంకమ్మ నవ్వెను. అది వినుట అంత సులభమైన నవ్వు కాదు. "ఏడాది పాటు కోర్టు చుట్టూ తిరిగి దించుకున్న మూట మళ్లా ఎత్తుకోమంటన్నాడు. పొమ్మను బయటికి."

సోడా పెంచలయ్య అరుగుపై తలవంచి కూర్చుండెను. చివరకు తలయెత్తెను.

"ట్రాక్టరు నీది."

"నాదే."

"కోత మిషను నీది."

"నాదేలే అబ్బయ్యా."

"ఆ రెండూ కాగితం మీద నీవేనని ముందు రాయి. ఫ్యాక్టరీ అప్పు నాలుగు లక్షల ఎనభై వేలల్లో సగం నాది. మిషను సగం నాది. గ్యాసు మొత్తం నాది. నువ్వు దాని మీద చెయ్యి పెట్టబాకు. బోర్డు మీద గార్లు ఎవురూ వొద్దు."

ట్రాక్టరు పెంచలయ్య ఒప్పుకొనెను. ఒప్పుకొనకుండుటకు వాని యొద్ద ఏమియు మిగిలియుండలేదు. అంకమ్మ భర్తముఖమును ఎగాదిగా చూచి అందు చాలమాసములుగా కానరాని దేదియో కదలుట కనిపెట్టి చీపురు మూలకు చేర్చెను.

మూడవనాడు బ్యాంకునందు కాగితములు సిద్ధమయ్యెను. మేనేజరు సంతకము చేయవలసిన చోటులకు పెన్సిలుతో గుర్తులు పెట్టి కలమునిచ్చెను. సోడా పెంచలయ్య కలమును ప్రక్కన పెట్టి మొదటి పుట చదువ నారంభించెను. పదునేడు పుటలను ఒక్కొక్క అక్షరమును వ్రేలితో తడవుచు తుదిదాక చదివెను. మరల మొదటినుండి చదివెను. బ్యాంకువారు భోజనమునకు లేచిపోయి వచ్చిరి.

"ఇంతసేపు ఎవరూ చదవరండీ," అని మేనేజరు విసుగుకొనెను.

"పోయినసారి నా అప్పుల కాగితాలు నేను చదవలా సార్. వాటిని నాకెవురూ చూపియ్యలా."

ఆ మాటతో అతడు కలము పట్టెను. పట్టిన చేయి వణకెను. గుండె సీసాలోని గ్యాసువలె ఒక్కమారుగా పైకి తన్నెను. నెత్తిన పావుకోటికి మించిన పరాయిబాకీ యున్నప్పుడు ఎన్నడును వణకని చేయి తన రెండు లక్షల నలుబదివేలకు వణకుట చూచి అతడు కొంత సిగ్గుపడెను. అయినను సంతకము చేసెను. వెలుపలికి వచ్చిన తోడనే యెండ వానిని భుజములపై బలముగా చఱచెను. చుఱ్ఱుమనెను. అతడు ఆగి ఆ మంటను శ్రద్ధగా అనుభవించి తరువాతనే నీడలోనికి నడచెను.

ఎవరో చాటుగా వచ్చి వీపున కట్టిపోయిన మూటకును తాను వంగి తన చేతులతో ఎత్తుకొనిన మూటకును త్రాసు భేదమును చూపదు. ఆ భేదమును వీపే చూపవలెను.